సగంలో ఆగిన ప్రార్థన

పోయిన నెల ప్రొద్దుటూరులో మా చిన్నకూతురు కొత్తిల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించుకుంది. వాకిట్లో షామియానా, రెండు పెద్ద స్పీకర్లు, వీధి చివరిదాకా కుర్చీలు. పాస్టరు గారు ముప్పావు గంట ప్రార్థన చేశాక, ఇంటికి పెద్దదాన్నని మైకు నా చేతికిచ్చారు. నేను లేచి నిలబడి, "యేసప్పా, పిల్లలు ఇల్లు కట్టుకున్నారు. వాళ్లతోపాటు నువ్వూ ఈడనే ఉండు. ఆమేన్" అని కూర్చున్నాను.

భోజనాల దగ్గర మనవరాలు నా పక్కన చేరింది.

"ఏందవ్వా, నేను కండ్లు మూసుకునే లోపల్నే ఆమేన్ అంటివి. నీకు ప్రార్థన చేసేది రాదా?"

నాకు నవ్వాగలేదు. ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి అదే. తొమ్మిదేళ్ల వయసులో నేను ఊపిరి తిప్పుకోకుండా ఇరవై నిమిషాలు ప్రార్థన చేసేదాన్ని. మా పేటలో నన్ను చిన్నయ్యగారు అని పిలిచేవాళ్లు. ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో దానికి విస్తరి ముందర కూర్చునే చెప్పాను. పప్పు చల్లారిపోయింది గానీ అది లేవలేదు.

మా పేట జమ్మలమడుగుకు నడిచిపోయేంత దూరంలో పెన్న ఒడ్డున ఉండేది. మా నాయన నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. మా అమ్మ కూలికి పోయేది. ఇంట్లో నన్ను చూసుకునింది మా జేజి, మా నాయన తల్లి. మా గుడి కూడా నాపరాళ్లదే. గోడలూ నేలా ఆ రాయే. ఎండకాలం మధ్యాహ్నాలు పిల్లలం పోయి ఆ బండల మీద చెంపలు ఆనించి పడుకునేవాళ్లం. లోపల గబ్బిలాల వాసన, ఆముదం దీపం వాసన, ఆదివారమయితే ఆడవాళ్ల తలల్లో కొబ్బరినూనె, మరువం. ఇప్పటికీ ఎక్కడన్నా మరువం వాసన తగిలితే నా చేతులు వాటంతటవే దగ్గరికొస్తాయి.

మా జేజికి చదువు రాదు. కానీ ఆమెకొక బైబిలుండేది. ఎవరిదో చిరిగిపోయిన నల్లగొడుగు గుడ్డతో దానికి అట్ట కుట్టుకుంది. ఎలుకలు కొట్టకుండా ఉట్టిమీద, పెరుగు ముంత పైన పెట్టేది. అందుకే మా బైబిలు తెరిస్తే పెరుగు వాసనొచ్చేది. దీపాలు పెట్టే వేళకు దాన్ని దించి నా ఒళ్లో పెట్టి, తాను శెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. నేను వరసగా చదవాలి. ఒక్క పేజీ కూడా దాటించనిచ్చేది కాదు.

"నిదానంగా సదువు పాపా. ఎనకాల ఎవురో తరుముతాండేటట్ల సదువుతాండావే."

చదువుతుంటే ఊరికే వినేది కాదు. ప్రతి మనిషితోనూ తగువు పెట్టుకునేది. దేవుడు పొమ్మన్న ఊరికి పోకుండా ఓడెక్కి పారిపోయినాయన కథ వస్తే, "ముందే సెప్పిన మాట ఇనుంటే చేప కడుపులోకి పోయే పనేముండ్య" అనేది. ఇద్దరక్కచెల్లెళ్ల ఇంటికి యేసు వచ్చినప్పుడు చెల్లెలు ఆయన పాదాల దగ్గర కూర్చుందని చదివితే, "కూసున్యాది బాగానే ఉండాది. మరి సంగటి ఎవురు కెలకాల" అని చాలాసేపు ఆలోచించింది. మరుసటి రోజు తెల్లారి సంగటి కెలుకుతూ, "కెలుకుతా కూడా ఇనొచ్చులే" అని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

ఆమె ప్రార్థన కూడా ఆ పొయ్యి దగ్గరే. నాకు ఊహ తెలిసిన కొత్తలో ఆమె ఎవరినో తిడుతోందనుకునేదాన్ని. కట్టె అటూఇటూ తిప్పుతూ, "యేసప్పా, కోడలికి నడుము నొస్తాంది. సూసుకో. ఎనుము ఈనేదానికుండాది. అదీ సూసుకో. నాకేం వద్దు. ఆమేన్" అనేది. అంతే. సంగటి ముద్ద చేసే లోపల దేవునితో పని అయిపోయేది.

నాకు ఆ ప్రార్థనంటే చిన్నతనంగా ఉండేది. ప్రార్థనంటే మా గుడి నడిపే ఉపదేశిది. ఆయన కోస్తా వైపు నుంచి మా పేటకు బదిలీ మీద వచ్చిన మనిషి. సన్నగా, తెల్లచొక్కా, చంకలో గొడుగు. మమ్మల్ని కూడా "ఏమ్మా, బాగున్నారా" అని మర్యాదగా పలకరించేవాడు. హార్మోనియం బాగా వాయించేవాడు. ఆయన కండ్లు మూసుకుని "సర్వోన్నతుడవును సర్వశక్తిమంతుడవునైన మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెడితే, గుళ్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. ఒక్క మాటా మాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడమే దాని గొప్పతనమని నేననుకునేదాన్ని.

నాకు ఎవరు మాట్లాడినా అట్లే తిరిగి చెప్పే గుణం ఉండేది. మూడు నెలల్లో ఆయన ప్రార్థనంతా నాకు నోటికొచ్చేసింది. మధ్యమధ్యలో ఆయన పొడిదగ్గు దగ్గేవాడు. అదీ ప్రార్థనలో భాగమే అనుకుని నేనూ సరిగ్గా ఆ చోట్లనే దగ్గేదాన్ని.

వారానికి రెండు సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్లు. అయిపోయాక ఆ ఇంటివాళ్లు బొరుగుల ఉగ్గాని, బెల్లం టీ ఇచ్చేవాళ్లు. ప్రార్థన చేసిన పెద్దవాళ్లకు ఉగ్గానితోపాటు ఒక మిరపకాయ బజ్జీ కూడా దక్కుతుందని నేను గమనించాను. ఒకరోజు ఉపదేశి, "ఇంకెవరైనా ప్రార్థిస్తారా" అని అడిగితే నేను లేచాను. దగ్గులతో సహా మొత్తం అప్పజెప్పాను. కండ్లు తెరిచేసరికి ఆడవాళ్లు కొంగులతో ముక్కులు తుడుచుకుంటున్నారు. నాకు రెండు బజ్జీలిచ్చారు.

ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేకపోయారు. జ్వరమొస్తే పిలిచేవాళ్లు, పరీక్షలొస్తే పిలిచేవాళ్లు. పక్క వీధిలో ఒకామె ఎనుము పాలివ్వడం లేదని పిలిచింది. నేను దాని ముందర నిలబడి "సకల జీవరాశులను సృజించిన మహాదేవా" అని ఎత్తుకున్నాను. సగంలో అది నా జడ నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ప్రార్థన ఆపితే దేవునికి కోపమొస్తుందని, జడ లాక్కుంటూనే చివరిదాకా చెప్పాను. గాజులమ్మడానికి జమ్మలమడుగు నుంచి వచ్చే సాయిబులామె గూడా, కువైటుకు పోయిన మగడు జాబు రాయలేదని, "నా కోసం కూడా దువా చెయ్ బిడ్డా" అని ఒక గంట కూర్చుని పోయింది. పదిరోజులకు జాబొచ్చింది. నాకు ఆకుపచ్చ గాజులొచ్చాయి.

జేజి మాత్రం ఏమీ అనేది కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను.

"జేజీ, నా ప్రార్థన ఎట్లుండాది?"

"శానా బాగుండాది పాపా. దేవునికి అర్థమయితాంటాదిలే, ఆయన సదువుకున్న్యాడు గదా."

అది పొగడ్తో కాదో నాకప్పుడు తెలియలేదు.

మా గుడికి గంట కొట్టే తాతొకడుండేవాడు. అందరికీ గంట తాతే. వయసులో ఉన్నప్పుడు నాపరాళ్ల గనిలో పనిచేసి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. పెన్నలో నీళ్లు తగ్గినాక ఇసకలో కర్బూజా పాదులు పెట్టుకుని, ఏటి అవతలి గట్టు కింద గుడిసెలో ఒక్కడే ఉండేవాడు. పొద్దున్నే ఏరు దాటొచ్చి గుడి ఊడ్చి, దీపాలు తుడిచి, గంట కొట్టేవాడు. గుడి వెనక చిన్నగది తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది. ఆదివారాలు నన్ను గంట తాడు పట్టుకోనిచ్చేవాడు. తాడు పైకి పోయినప్పుడు నా కాళ్లు జానెడు నేల విడిచి లేచేవి. కిందికి దిగేటప్పుడు ఆ మూడు వేళ్ల చెయ్యి నా వీపు కింద సిద్ధంగా ఉండేది.

ఆ ఏడు జొన్న కోతలయ్యాక కోత పండగ పెట్టారు. పండిన దాంట్లో మొదటిది తెచ్చి దేవుని బల్ల ముందర పెట్టే పండగ. ప్రొద్దుటూరు నుంచి పెద్దయ్యగారు, అంటే మా చుట్టుపక్కల గుళ్లన్నిటికీ పెద్ద పాస్టరు, వస్తున్నారు. ఆయన ముందర కానుకల ప్రార్థన నేను చెయ్యాలని ఉపదేశి నిర్ణయించాడు. మా అమ్మ కొత్త పావడ కుట్టించింది. మా నాయన గనిలో అందరికీ చెప్పుకున్నాడు. నేను నోట్‌బుక్కులో నాలుగు పేజీల ప్రార్థన రాసుకున్నాను.

ఇంట్లో గట్టిగా చదువుకుంటే పిల్లలు నవ్వుతున్నారని గంట తాతకు చెప్పాను.

"ఎనకగది తెరుస్తా, రా. లోపల కూసోని ఎంత గట్టిగన్నా సెప్పుకో. నవ్వేవాళ్లుండరు" అన్నాడు.

ఆ గదిలోనే పెద్దయ్యగారికోసం ఆడవాళ్లు చేసిన కజ్జికాయలు పెద్ద రేకుడబ్బాలో పెట్టి ఉన్నాయి. ఇళ్లల్లో పెడితే పిల్లలు బతకనివ్వరని అక్కడ దాచారు. గది చిన్నది, కిటికీ లేదు. ఎండుకొబ్బరి, యాలకులు, నెయ్యి, ఆ వాసన గదంతా నిండి ఉంది. మొదటి రోజు ప్రార్థన రెండుసార్లు చెప్పుకుని, ఒక్కటి తిన్నాను. రెండోరోజు మూడు. దొంగతనం చేస్తున్నాననే ఊహే నాకు రాలేదు. ఎందుకంటే తిన్న ప్రతిసారీ కండ్లు మూసుకుని, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి మరీ తిన్నాను. నాలుగు రోజులకు డబ్బా సగమైంది.

పండగ ముందురోజు పొద్దున ఆడవాళ్లు డబ్బా మూత తీశారు. గుడి ముందర అందరూ గుమిగూడారు. నేనూ జేజి కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఉపదేశి గంట తాతను పిలిచాడు.

"తాళం నీ దగ్గరే ఉంటుంది కదా?"

"ఉంటాదయ్యా."

"మరి ఇవి ఎవరు తిన్నారు?"

తాత ఒక్కసారి తలెత్తాడు. ఆయన చూపు నా మీద ఆగి, మళ్లీ నేల మీదికి పోయింది. నన్ను గదిలోకి రానిచ్చింది ఆయనే. లోపలికి పోయింది నేనొక్కదాన్నే. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

"నేను సూసుకోని ఉండాల్సిందయ్యా. సూసుకోల్యా" అన్నాడు.

"తినలేదని చెప్పలేకపోతున్నావంటే ఏమనుకోవాలి? దేవుని గదిలో ఇలాంటి పనా?"

ఆడవాళ్లలోంచి మా జేజి గొంతు వినిపించింది. "పండ్లు లేని మనిసి కజ్జికాయలు ఎట్ల తింటాడయ్యా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుకు ఉపదేశికి కోపమొచ్చింది. "నానబెట్టుకుని తిన్నాడేమో. ఇకమీదట గంట తాడు ముట్టుకోవద్దు. తాళం ఇవ్వు" అన్నాడు.

తాత మొలతాడుకున్న తాళం విప్పాడు. వేళ్లు తక్కువ గనక ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. తాళం ఇచ్చి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని ఏట్లోకి దిగిపోయాడు.

నేను నోరు తెరవలేదు. రేపు పెద్దయ్యగారి ముందర నేను ప్రార్థన చెయ్యాలి. కొత్త పావడ కట్టుకోవాలి.

ఆ సాయంత్రం జేజి మామూలుగా బైబిలు దించింది. వరస ప్రకారం ఆ రోజు చదవాల్సిన చోట యేసు కొండమీద కూర్చుని జనానికి చెప్పిన మాటలున్నాయి. దేవునికి కానుక తెచ్చినోడు, తన వల్ల ఎవరికైనా నొప్పి కలిగిందని బల్ల దగ్గర గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి, ముందు పోయి ఆ మనిషితో సమాధానపడి రావాలనే చోటు. నేను గబగబా దాటేశాను.

"మళ్లా సదువు" అంది జేజి. చదివాను. ఒలిచే శెనిక్కాయలు పక్కన పెట్టి, "ఇంగోసారి" అంది.

మూడోసారి చదివాక ఆమె ఒళ్లోని పొట్టు దులుపుకుంది. తర్వాత, "అంటే దేవుడు కాసుకోని ఉంటాడంట. నీ కానుక ఆడ పెట్టి పో, పోయి సరిసేసుకోని రా, నేను యాడికీ పోను అంటాండాడు. మనిసికే తొందర. ఆయప్పకు ల్యాదు" అంది. నా మొహం వైపు చూడలేదు. నన్నేమీ అడగలేదు. ఆ రాత్రి సంగటిలోకి నాకిష్టమైన ఊరిబిండి పచ్చడి ఉన్నా నాకు ముద్ద దిగలేదు.

పండగ పొద్దున ఎవరో పెద్దమనిషి గంట కొట్టాడు. రేకుడబ్బా మీద రాయి పడ్డట్టు ఉంది. గుడి లోపల మాత్రం ఎంత బాగుందో. స్తంభాలకు కంకులతో జొన్నచొప్ప కట్టారు. బల్ల ముందర శెనిక్కాయలు, పత్తి, వంకాయల గంపలు, గుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పాటల మధ్యలో కోళ్లూ పాడాయి. పెద్దయ్యగారు తెల్ల అంగీలో కూర్చుని నవ్వుతున్నాడు. మా ఇంటి కానుక గుమ్మడికాయ. మా చూరు మీద కాసింది. నేను మోయలేక మోయలేక తీసుకుపోయి బల్ల ముందర పెట్టాను.

ఉపదేశి చెయ్యి ఊపాడు. అందరూ కండ్లు మూసుకున్నారు. నేను మొదలుపెట్టాను.

మొదటి పేజీ బాగా పోయింది. సరైన చోట దగ్గాను. రెండో పేజీలో "మా పాపములను నీ సన్నిధిని ఒప్పుకొనుచున్నాము" అనే మాట రావాలి. "మా పాపములను" అన్నాను. అక్కడ ఆగిపోయింది. మాటలు మర్చిపోలేదు. అన్నీ గుర్తున్నాయి. చెప్పడానికి నోరు రావడం లేదు. కండ్లు తెరిచాను. ఎదురుగా గుమ్మడికాయ. దాని వెనక మా పేటంతా తలలు వంచుకుని, కండ్లు మూసుకుని, నా మాటకోసం కాచుకుని ఉంది. మా నాయన పెదవులు కదుపుతున్నాడు, నాతోపాటు చెప్పాలని. ఒక కోడి మాత్రం తల పక్కకు వాల్చి ఒంటి కన్నుతో నన్నే చూస్తోంది.

నేను గుమ్మడికాయను అక్కడే వదిలేశాను. పావడ పైకి పట్టుకుని, ఆడవాళ్లు కూర్చున్న చాపల మధ్య నుంచి మునివేళ్ల మీద నడిచాను. దోవ లేదు. మా జేజి అడ్డంగా కూర్చుని ఉంది. ఆమె కండ్లు తెరవలేదు. మోకాళ్లు మాత్రం పక్కకు జరిపింది.

బయట పడి పరుగెత్తాను. ఏట్లో ఇసక అప్పటికే కాలుతోంది. ఒక చెలమ కనబడితే కాళ్లు తడుపుకుని మళ్లీ పరుగెత్తాను. గంట తాత కర్బూజా పాదుల్లో వంగి, ముంతతో నీళ్లు పోస్తున్నాడు.

"తాతా, కజ్జికాయలు తినింది నేనే."

ఆయన నడుం ఎత్తకుండానే, "ఎరుకలే పాపా" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు ప్రార్థన సెప్పుకుంటాంటే బయట కూసోని ఇంటాంటి గదా. నడుమ నడుమ నమిలే సప్పుడొస్తాండ్య."

"మరి నిన్న ఎందుకు చెప్పల్యా?"

"సెప్తే నిన్ను అంతమందిలో కొడ్తారు. నువ్వు పండగలో నిలబడాల్సినదానివి. ముసిలోన్ని, నన్నంటే ఏమాయలే." అట్లా అన్నాడు గానీ ఆయన కండ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్న పొద్దున్నుంచి అన్నం తిన్నట్టు లేదు, గుడిసె ముందర పొయ్యిలో బూడిద చల్లగా ఉంది.

నేను చేతులు కట్టుకుని, అలవాటు చొప్పున, "నా అపరాధమును క్షమించుము" అన్నాను.

"తెలుగులో సెప్పు" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. "తప్పయిపాయ తాతా. నీకు చెడ్డపేరొచ్చేటట్ల చేస్తి. గంట కూడా పాయ."

ఆయన ముంత కింద పెట్టి, తడిచేత్తో నా మొహం తుడిచాడు. "సరేలే. పోయింది గదా. పండగ అప్పుడే అయిపాయనా?"

"ఇంకా కాల్యా. నా ప్రార్థన సగంలో ఇడ్సిపెట్టి వచ్చినా."

"మరి గుళ్లో జనం?"

"కండ్లు మూసుకోని ఉండారు."

తాత నా వైపు చూశాడు. ఏటి అవతల గుడి వైపు చూశాడు. "అయ్యో దేవుడా, పా పా" అని గబగబా ఒక పండిన కర్బూజా తెంపి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరం ఇసకలో పడుతూ లేస్తూ వచ్చాం. సగం దూరంలో ఆయనకు నవ్వు మొదలైంది. నాకూ వచ్చింది. నవ్వితే పరుగెత్తలేం, పరుగెత్తితే నవ్వలేం. ఆగి ఆగి వచ్చాం.

గుళ్లో ఏం జరిగిందో తర్వాత మా అమ్మ చెప్పింది. మొదట నేను ఊపిరి తిప్పుకుంటున్నాననుకున్నారు. తర్వాత దగ్గు కోసం ఆగాననుకున్నారు. పెద్దయ్యగారు ఇది మౌన ప్రార్థన కాబోలనుకుని ఇంకా తల వంచాడు. ఆయనే కండ్లు తెరవకపోతే ఇంకెవరు తెరుస్తారు? ఒక ముసలాయన గురక పెట్టాడు. ఒక కోడి గుడ్డు పెట్టి అరిచింది. వెనక వరసలో ఎవరో ఏడ్చారు. అంతసేపు నిశ్శబ్దంగా మా పేట ఎప్పుడూ కూర్చోలేదట.

మేం వాకిట్లోకి వచ్చేసరికి సగంమంది కండ్లు తెరిచి గుసగుసలాడుతున్నారు. మా నాయన లేచి నిలబడి ఉన్నాడు. నేను బల్ల దాకా పోలేకపోయాను. వాకిలి దగ్గరే నిలబడి, "కజ్జికాయలు తినింది నేను. తాత కాదు" అన్నాను. బల్ల దాకా వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. ప్రార్థన ఇంకా ముగించలేదని గుర్తొచ్చి కండ్లు మూసుకున్నాను. ఉపదేశి మాటలు ఒక్కటీ రాలేదు. "యేసప్పా, తప్పయిపాయ. ఆ గుమ్మడికాయ మాది. తీసుకో. ఆమేన్."

అప్పుడు ఆడవాళ్ల చాపల మీద నుంచి మా జేజి, "ఆమేన్" అంది. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అనలేదు. తర్వాత అందరూ అన్నారు.

ఉపదేశి బల్ల దగ్గర నుంచి దిగి వస్తున్నాడు. నన్ను కొట్టడానికే అనుకుని తాత వెనక్కి జరిగాను. ఆయన నన్ను చూడలేదు. తాత ముందర నిలబడ్డాడు.

"తాతగారూ, విచారించకుండా నిన్ను, మిమ్మల్ని అంతమందిలో అవమానించాను. అదే అంతమందిలో అడుగుతున్నాను. నన్ను క్షమించండి" అన్నాడు.

గంట తాతను 'గారు' అని ఎవరూ పిలిచి ఉండరు. ఆయనకు ఎక్కడ చూడాలో తెలియలేదు. "ఊరుకోండయ్యా. పెద్దయ్యగారు సూస్తాండారు. ఇదో, ఈ పండు ఆడ పెట్టండి" అని కర్బూజాను ఉపదేశి చేతుల్లో పెట్టాడు. ఉపదేశి దాన్ని పట్టుకుని ఏడ్చాడు. జేబులోంచి తాళం తీసి, తాత మొలతాడుకు తానే కట్టాడు.

పెద్దయ్యగారు లేచి, గంట ప్రసంగం రాసుకొచ్చిన కాగితాలు మడిచి బైబిల్లో పెట్టుకుని, "పాట పాడండి, తర్వాత భోజనాలు" అన్నాడు. మా పేట మగవాళ్లు దానికోసం నన్ను చాలా ఏళ్లు మెచ్చుకున్నారు.

ఇంటికి పోయాక మా అమ్మ చీపురుతో రెండు తగిలించింది. జేజి ఆపలేదు. మరుసటి రోజు తన దగ్గరున్న ఎండుకొబ్బరంతా దించి, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కజ్జికాయలు చేయించింది. నేను ఎన్ని తిన్నానో అన్నీ. పిండి ఒత్తి ఒత్తి నా అరచేతులు నొప్పిపుట్టాయి. ఒక్కటి కూడా నోట్లో వేసుకోబుద్ధి కాలేదు. పది విడిగా తీసి పాలల్లో నానబెట్టి, "ఇవి ఆ పండ్లు లేని మనిసికి" అని నా చేతికిచ్చింది. తాత వాటిని గుడిసె ముందర కూర్చుని, కండ్లు మూసుకుని, చప్పరించి తిన్నాడు. "ఇప్పుడు తిన్యానని ఒప్పుకుంటా" అన్నాడు.

తర్వాత కూడా జనం నన్ను ప్రార్థనకు పిలిచేవాళ్లు. నేను పోయేదాన్ని గానీ ఆ పొడుగు మాటలు మళ్లీ నోటికి రాలేదు. రెండు ముక్కలు చెప్పి ఆమేన్ అనేదాన్ని. మెల్లగా పిలుపులు తగ్గాయి, బజ్జీలూ తగ్గాయి. జేజి పక్కన పొయ్యి దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఆమె ఒకటి చెప్తే నేనొకటి చెప్పేదాన్ని. సంగటి ఉడికే వాసనలో దేవుడు మా ఇద్దరికీ చాలా దగ్గరగా ఉన్నట్టుండేది.

ఆ పేట ఇప్పుడట్లా లేదు. గుడి పడగొట్టి టైల్సుతో పెద్దది కట్టారు. ఏట్లో ఇసక లారీల్లో పోయింది, పాదులు పెట్టేవాళ్లు లేరు. జేజీ, గంట తాతా ఒకే ఏడు, రెండు నెలల తేడాతో పోయారు. ఇద్దరివీ పక్కపక్కన సమాధులు.

ఉపదేశిని మాత్రం నేను మళ్లీ చూశాను. నర్సు చదువు అయిపోయి పులివెందులలో పనికి చేరిన కొత్తలో, ఆయన అక్కడే ఉంటున్నాడని తెలిసి వెతుక్కుంటూ పోయాను. జుట్టంతా తెల్లబడింది. పేరు చెప్పగానే గుర్తుపట్టి, భార్యను కేకేసి, "ఈ పిల్లే, ఈ పిల్లే" అన్నాడు. ఆమెకు నా కథంతా తెలుసు. ఆయన పనిచేసిన ప్రతి ఊళ్లో చెప్పాడట.

"నా దొంగతనం అన్ని ఊళ్లల్లో చెప్పినారా" అని సిగ్గుపడ్డాను.

"నీది కాదమ్మా, నాది చెప్పాను" అన్నాడు ఆయన. "నువ్వు ఆగిపోయాక నేను కండ్లు మూసుకునే ఉన్నాను. నువ్వు మర్చిపోయావేమో, మాట అందిద్దామని నోరు తెరిచాను. ఏ మాటా రాలేదు. ఆ ముడి విప్పుకోవడానికి అవస్థపడుతున్న చేతులే కనబడ్డాయి. ముప్పై ఏళ్లు జనం ముందర ప్రార్థన చేశాను గానీ, నేను దేవుని ముందర నిలబడింది ఆ రోజేనమ్మా. నువ్వు తిరిగి వచ్చేసరికి నేను ఏం చెయ్యాలో నాకు తెలుసు. నువ్వు రాకపోయినా ఏరు దాటి పోయేవాణ్ని."

ఆయన భార్య వేడివేడిగా ఉప్మా పెట్టింది. ముగ్గురం పాత సంగతులు చెప్పుకుని, ఆ రోజు గుడ్డు పెట్టిన కోడి ఎవరిదో తేల్చుకోలేక చాలాసేపు వాదించుకున్నాం. బయల్దేరేటప్పుడు ఆయన వీధి మలుపు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. ఆ సాయంత్రం మా ఊరికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పచ్చగా పరుచుకున్న శెనిక్కాయ చేలను చూసుకుంటూ, జమ్మలమడుగు దాకా నాలో నేను నవ్వుకుంటూనే వచ్చాను.